పొద్దున్నుంచీ గట్టిమేళమే: రాక్ ఆల్బమ్‌ల సౌండ్ గురించి అపోహలు – వాస్తవాలు

"అన్నా, ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన బ్యాండ్ కొత్త ఆల్బమ్ వచ్చింది. మూడో పాటకే విసుగొచ్చేసింది. అన్నీ ఒకేలా ఉన్నాయి. పాడైంది నా హెడ్‌ఫోన్సా, నా చెవులా?"

నేను మాస్టరింగ్ (గొంతూ వాయిద్యాలూ కలిపి మిక్స్ చేసిన పాటకి విడుదలకి ముందు పెట్టే ఆఖరి మెరుగు) చేస్తానని తెలిసిన దగ్గర్నుంచి స్నేహితులు, స్నేహితుల తమ్ముళ్ళు, వాళ్ళ హాస్టల్‌మేట్లు అడిగే ప్రశ్న ఇదే. కొందరైతే అడగక ముందే పది, పన్నెండు వేలు పోసి కొత్త హెడ్‌ఫోన్స్ కొనేస్తారు. వాటిలోనూ ఆల్బమ్ అలాగే ఏడిస్తే అప్పుడు నాకు ఫోన్ చేస్తారు. మీ చెవులకేం కాలేదు. ముందు ఆ టెన్షన్ వదిలేయండి.

ఆ టెన్షన్ నేనూ పడ్డవాణ్ణే. 2008 సెప్టెంబరులో అమెరికన్ మెటల్ బ్యాండ్ మెటాలికా వాళ్ళ 'డెత్ మాగ్నెటిక్' ఆల్బమ్ వచ్చింది. అంతకుముందు 2003లో వచ్చిన 'సెయింట్ యాంగర్' మా బ్యాచ్ మొత్తాన్ని ఉసూరుమనిపించింది కాబట్టి, ఈసారైనా అని ఐదేళ్ళు కాచుకుని కూర్చున్నాం. సీడీ తెచ్చి రూమ్‌లో పెట్టాను. రిఫ్‌లు (మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ బిట్లు) బాగున్నాయి. గిటార్ సోలోలు తిరిగొచ్చాయి. వంక పెట్టడానికేం లేదు. కానీ నాలుగో పాటకి వచ్చేసరికి తల దిమ్మెక్కింది. ఆ పాట, 'ది డే దట్ నెవర్ కమ్స్', క్లీన్ గిటార్‌తో నింపాదిగా మొదలై, మెల్లగా బరువెక్కి, చివర్లో దౌడు తీస్తుంది. ఆ దౌడు మొదలైన చోట ఒళ్ళు జలదరించాలి. నాకు వాల్యూమ్ తగ్గించాలనిపించింది. పైగా డ్రమ్ దెబ్బ పడ్డప్పుడల్లా నూనెలో ఆవాలు పేలినట్టు చిటపటమని చప్పుడు.

స్పీకర్ చిరిగిందనుకున్నాను. మర్నాడు సంచిలో వేసుకుని కోఠీలో ఒక రిపేరు షాపుకి తీసుకెళ్ళాను. ఆ పెద్దాయన స్పీకర్ విప్పి, కోన్ మీద వేళ్ళతో మెల్లగా నొక్కి చూసి, తన దగ్గరున్న ఘంటసాల సీడీ పెట్టాడు. గొంతు తేటగా వచ్చింది. తర్వాత నా సీడీ పెట్టి ఒక్క నిమిషం విన్నాడు. "స్పీకర్‌కి ఏ రోగమూ లేదు బాబూ, జ్వరం నీ సీడీకే" అన్నాడు. డబ్బులు కూడా తీసుకోలేదు. ఆ మాటకి అర్థం పూర్తిగా తెలియడానికి నేను ఈ పనిలోకి రావాల్సి వచ్చింది.

అపోహ: ఎంత లౌడ్‌గా ఉంటే పాట అంత బాగుంటుంది

ఈ పోస్ట్ రాస్తున్నదే దీని కోసం. మిగతావన్నీ దీని పిల్లలు.

డిజిటల్ ఆడియోకి ఒక పైకప్పు ఉంటుంది. సున్నా డెసిబెల్స్. దానికి మించి ఒక్క గీత కూడా పైకి పోదు. మామూలు రికార్డింగ్‌లో స్నేర్, కిక్ డ్రమ్ముల దెబ్బల్లాంటివి క్షణకాలం ఆ కప్పు దాకా లేచి కిందికి వస్తాయి. గొంతు, గిటార్, బేస్ వాటికి బాగా కింద ఉంటాయి. పాట మొత్తాన్ని లౌడ్ చేయాలంటే ఒకటే దారి. ఆ లేచే తలలను లిమిటర్ అనే సాధనంతో నొక్కాలి, కిందున్నవాటిని పైకి నెట్టాలి. ఈ నొక్కుడునే కంప్రెషన్ అంటారు. కాస్త చేస్తే పాట బిగువుగా, ముచ్చటగా ఉంటుంది. అతిగా చేస్తే అన్నీ కప్పుకి అతుక్కుపోతాయి. స్క్రీన్ మీద వేవ్‌ఫామ్ కొండలూ లోయల్లా కాకుండా ఇటుక గోడలా కనిపిస్తుంది. ఇంకా నెడితే తలలు తెగిపోతాయి. నాకు వినిపించిన చిటపటలు అవే, క్లిప్పింగ్.

మన పెళ్ళిళ్ళలో చూడండి. నాదస్వరం, డోలు పొద్దున్నుంచీ ఏదో ఒకటి వాయిస్తూనే ఉంటారు, మనం కబుర్లు చెప్పుకుంటూనే ఉంటాం. తాళి కట్టే సమయానికి పురోహితుడు చెయ్యెత్తి "గట్టిమేళం, గట్టిమేళం" అంటాడు. ఒక్కసారిగా మోత లేస్తుంది. వంటశాలలో ఉన్నవాళ్ళక్కూడా తెలిసిపోతుంది, అక్షింతలు పట్టుకుని పరుగెత్తుకొస్తారు. ఆ మేళం వాళ్ళు పొద్దున స్నాతకం నుంచీ గట్టిమేళమే వాయించారనుకోండి, తాళి ఎప్పుడు కట్టారో ఎవరికి తెలుస్తుంది? తొమ్మిదింటికల్లా జనం చెవుల్లో దూది పెట్టుకుంటారు.

నలిపేసిన ఆల్బమ్‌లో జరిగేది ఇదే. చరణం, కోరస్, సోలో అన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి. ట్యూన్లు వేరైనా చెవికి తేడా అందదు. పది పాటలు, 75 నిమిషాలు, అంతా ఒకటే మోత. దాన్నే మనం "ఆల్బమ్ మొనాటనస్‌గా ఉంది" అంటాం, బ్యాండ్‌కి సరుకు అయిపోయిందని తేల్చేస్తాం.

డెత్ మాగ్నెటిక్ విషయంలో ఇది నా ఊహ కాదు. అవే పాటలు అప్పట్లో గిటార్ హీరో వీడియో గేమ్‌లో కూడా వచ్చాయి. గేమ్ కోసం వాయిద్యాల ట్రాకులు విడివిడిగా ఇవ్వాలి కాబట్టి, ఆ చివరి నలుగుడు వాటికి తగల్లేదు. గేమ్ ఆడే కుర్రాళ్ళు విని, "ఇదేంటి, సీడీ కన్నా ఇది బాగుంది" అన్నారు. పక్కపక్కన పెట్టి వేవ్‌ఫామ్‌లు పోల్చారు. ఒకదాంట్లో కొండలు, రెండోదాంట్లో గోడ. పాటలో ఎత్తుపల్లాల తేడా కొలిచే డైనమిక్ రేంజ్ మీటర్‌లో సీడీకి 3 వస్తే, గేమ్ వెర్షన్‌కి 12 వచ్చింది. ఆల్బమ్‌ని మళ్ళీ మిక్స్ చేయమని 10 వేల మందికి పైగా సంతకాలు పెట్టారు. బ్యాండ్ మాత్రం తన సౌండ్‌ని వెనకేసుకొచ్చింది. ఆల్బమ్ అమెరికా చార్టులో మొదటి స్థానంలో దిగింది కదా, దాంతో "లౌడ్ చేస్తే ఏం నష్టం?" అనేవాళ్ళకి అదే సాక్ష్యమైంది. మెటాలికా ఏం చేసినా కొనడానికి మనలాంటి వాళ్ళున్నారు. మీ బ్యాండ్‌కి ఉన్నారా?

ఇక డబ్బు పోయే చోటికి వద్దాం. స్పాటిఫై లాంటి యాప్‌లు మామూలు సెట్టింగ్‌లో అన్ని పాటల లౌడ్‌నెస్‌నీ ఇంచుమించు ఒకే మట్టానికి తెస్తాయి, సుమారు మైనస్ 14 లఫ్స్ (LUFS, చెవికి తోచే లౌడ్‌నెస్‌ని కొలిచే కొలత; సున్నాకి ఎంత దగ్గరైతే అంత లౌడ్). మీరు లిమిటర్‌ని చావగొట్టి మైనస్ 6 దగ్గర మాస్టర్ చేయించారనుకోండి, యాప్ దాన్ని 8 డెసిబెల్స్ కిందికి దించేస్తుంది. లౌడ్‌నెస్ పోయింది, దాని కోసం బలిచ్చిన డ్రమ్స్ దెబ్బ ఎలాగూ పోయింది. పక్కనే తలలు తెగని పాట వస్తే అది నిండుగా వినిపిస్తుంది, మీది అట్టపెట్టెలో వాయించినట్టు ఉంటుంది. యూట్యూబ్ కూడా లౌడ్ పాటల్ని దించుతుంది.

రెండేళ్ళ కింద వరంగల్ నుంచి నలుగురు కుర్రాళ్ళ బ్యాండ్ వచ్చింది. ఇంజనీరింగ్ చివరి సంవత్సరం. ట్యూషన్లు చెప్పి, బైక్ అమ్మి పోగేసిన డబ్బుతో ఐదు పాటలు రికార్డు చేశారు. అప్పటికే ఇద్దరి దగ్గర మాస్టరింగ్ చేయించారు. రెండుసార్లూ "ఇంకొంచెం లౌడ్" అని అడిగి చేయించుకున్నారు, రెండుసార్లూ అప్‌లోడ్ చేశాక "మాదే చిన్నగా ఉంది" అని ఏడ్చారు. మూడోసారి నా దగ్గర కూర్చుని డ్రమ్మర్ మళ్ళీ అదే మాట. "అన్నా, ఇంకొంచెం…"

కోప్పడలేదు. భయం నాకు తెలుసు, సొంత డబ్బు పోసిన వాడికి ప్రతి డెసిబెల్ ముఖ్యమే. వాళ్ళ పాత మాస్టర్, నేను చేసినది, రెండింటి లౌడ్‌నెస్ మీటర్‌లో సమానం చేసి, పేర్లు కనపడకుండా స్విచ్ చేస్తూ వినిపించాను. నలుగురూ నాదే ఎంచుకున్నారు. నా గొప్పేం లేదు, స్నేర్ దెబ్బ బతికుంది కాబట్టి. తర్వాత వాళ్ళ పాతదాన్ని ఒక్క డెసిబెల్ పెంచి మళ్ళీ వినిపించాను. ఇద్దరు ఠక్కున పార్టీ మార్చారు. మన చెవి అంతే. కాస్త గట్టిగా ఉన్నదాన్ని బాగున్నదనుకుంటుంది. నా చెవీ అంతే, అందుకే మీటర్ పెట్టుకుంటాను. అందుకే చెప్తున్నా, రెండు మాస్టర్లు పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానం చేయకుండా పోలిస్తే అసలు పోల్చనట్టే.

అపోహ: పాడు చేసింది మాస్టరింగ్ వాడే

చేసేవాళ్ళూ ఉన్నారు, కాదనను. కానీ డెత్ మాగ్నెటిక్ మాస్టరింగ్ చేసిన టెడ్ జెన్సెన్, మిక్స్‌లు తన దగ్గరికి వచ్చేటప్పటికే నలిగిపోయి ఉన్నాయని చెప్పారు. ఉడికిన అన్నాన్ని మళ్ళీ బియ్యం చేయమంటే ఎవరైనా ఏం చేస్తారు? రష్ బ్యాండ్ 2002లో తెచ్చిన 'వేపర్ ట్రెయిల్స్'దీ ఇలాంటి గొడవే. 2013లో మొత్తం ఆల్బమ్‌నే మళ్ళీ మిక్స్ చేసి విడుదల చేయాల్సి వచ్చింది.

అపోహ: 'రీమాస్టర్డ్' అని ఉంటే కచ్చితంగా మెరుగే

చాలాసార్లు పాతదాని కన్నా లౌడ్, అంతే. వీలైతే పాత సీడీ దాచుకోండి.

అపోహ: ఎంపీ3 వల్లే, ఫ్లాక్‌లో (నాణ్యత తగ్గించని ఫైలులో) వింటే సర్దుకుంటుంది

పేరు ఒకటే కావడంతో వచ్చిన తంటా ఇది. ఫైలు సైజు తగ్గించే కంప్రెషన్ వేరు, నేను చెప్తున్న కంప్రెషన్ వేరు. మాస్టర్‌లోనే తెగిన తల ఫ్లాక్‌లో కూడా తెగే ఉంటుంది, ఇంకొంచెం స్పష్టంగా. వినైల్ రికార్డు సంగతీ అంతే. అదే మాస్టర్‌తో కోస్తే అదే పాట. హెడ్‌ఫోన్స్ గురించి చెప్పేశాను.

అపోహ: అయితే విసుగొచ్చిన ప్రతి ఆల్బమ్‌కీ ఇదే కారణం

కాదు. ఈ నాలుగు ముక్కలు చదివి, ఇక అన్నిటికీ లిమిటర్‌నే తిట్టకండి. సెయింట్ యాంగర్‌లో సోలోలు ఒక్కటీ లేవు, స్నేర్ డ్రమ్ కింద ఉండే వైర్లు వదిలేసి కొట్టడంతో డబ్బా మోగినట్టు ఉంటుంది, పాటలు సాగీ సాగీ 75 నిమిషాలు నడుస్తాయి. అది వాళ్ళు కావాలని తీసుకున్న నిర్ణయం. ఎంత మంచి మాస్టరింగ్ చేసినా ఆ డబ్బా డబ్బాయే.

రెండింటికీ తేడా పట్టుకోవడానికి నేను చేసేది చెప్తాను. విసుగొచ్చిన పాటని గిటార్ మీద, లేదంటే నోటితో, ఒంటరిగా పాడుకుంటాను. అప్పుడు బాగుంటే పాటలో తప్పు లేదు. అప్పుడూ విసుగే వస్తే ఇంజనీర్లని వదిలేసి బ్యాండ్‌ని తిట్టుకోవచ్చు. డెత్ మాగ్నెటిక్ నాలుగో పాటని ఇప్పటికీ పాడుకుంటాను.

బ్యాండ్ వాళ్ళకి ఒక మాట. మిక్స్ పంపేటప్పుడు మాస్టర్ ఛానెల్ మీద పెట్టిన లిమిటర్ తీసేసి, 24 బిట్ వేవ్ ఫైలు పంపండి. తీసేస్తే పాట చిన్నగా ఉందని గుండె జారితే లిమిటర్‌తో ఉన్నది కూడా పంపండి, మీ మనసులో ఏముందో నాకు తెలుస్తుంది. ఫైలుకి మాత్రం 'ఫైనల్ ఫైనల్ 2' అని పేరు పెట్టకండి. అలాంటివి ఇప్పటికే నా డిస్కులో బోలెడున్నాయి.