రిపోర్టులో మీ ఊరి పేరు లేకపోతే ఊరు ప్రశాంతంగా ఉన్నట్టేనా?

తూర్పు ఉక్రెయిన్‌లోని డాన్‌బాస్‌లో కాల్పుల విరమణ పరిశీలకుడిగా పనిచేశానంటే చాలు, అందరూ ఒకటే అడుగుతారు: "మీరుండి కూడా ఎందుకు ఆపలేదు?" ఆపడం మా పని కాదు. ఓఎస్‌సీఈ (ఐరోపా భద్రతా సహకార సంస్థ) మిషన్‌లో అందరం ఆయుధాల్లేని సివిలియన్లమే. చూసింది, విన్నది రాయడం వరకే.

దాని సంగతి వదిలేయండి. ప్రాణాల మీదికి తెచ్చే అపోహ ఇంకోటుండేది: మా రోజువారీ రిపోర్టులో కాల్పుల విరమణ ఉల్లంఘనలు తగ్గితే అక్కడ సేఫ్ అనుకోవడం.

2018లో ఉక్రెయిన్ ప్రభుత్వ ప్రాంతానికీ వేర్పాటువాదుల ప్రాంతానికీ మధ్య జనం దాటే స్టానిత్సియా లుహాన్స్కా వంతెన దగ్గర, విరిగిన చోట వేసిన చెక్క మెట్లు ఎక్కి వచ్చిన ఒక పెద్దావిడ, చక్రాల సంచీ పక్కన పెట్టి దుబాసీ ద్వారా అడిగింది: "నిన్నటి రిపోర్టులో మా ఊరి పేరు లేదట కదా, ఇంటికెళ్లిపోనా?" ఆ ఊరి దారిలో చెక్‌పోస్టు దగ్గర మూడు రోజులుగా మమ్మల్ని వెనక్కి పంపేస్తున్నారు. అక్కడ మా కెమెరా కూడా లేదు. అదే చెప్పాను. "అయితే మీ కాగితం దేనికి?" అంది. వారం తర్వాత ఆ ఊళ్లోకి వెళ్లగలిగాం. మొదటి వీధిలోనే గుండ్లు పడ్డ రెండు తాజా గుంతలు.

ఉల్లంఘనల లెక్క కూడా విచిత్రంగా ఉండేది. మెషిన్‌గన్ ఒక విడత పేలితే ఒకటి, 152 ఎంఎం భారీ ఫిరంగి గుండు పడినా ఒకటే. రెండు పక్షాల మధ్య రేఖకు అటూ ఇటూ ఉన్న సెక్యూరిటీ జోన్‌లో సైనికులు కాల్పుల ప్రాక్టీసు చేసినా లెక్కలోకే వచ్చేది. అందుకే నలభై ఉన్న రోజు నాలుగొందలున్న రోజుకన్నా ఘోరంగా ఉండొచ్చు. గాలి అటు వీస్తే సగం శబ్దాలు మాదాకా వచ్చేవి కావు. ఇప్పుడు ఆ పాత రిపోర్టులు చదివినా, మొత్తం అంకె చూసి టెన్షన్ పడటమో, ఊరట పడటమో మానేసి ఆయుధం ఏమిటన్న గడి చూడండి. మమ్మల్ని ఎక్కడెక్కడ అడ్డుకున్నారో రాసే భాగం తప్పకుండా చదవండి. దాన్ని చదివేవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు.

అలాగని అంకెలు దండగ కాదు. 2020 జూలై 27న కాల్పుల విరమణను గట్టిపరిచే అదనపు చర్యలు అమల్లోకి వచ్చాక ఉల్లంఘనలు నెలల తరబడి నిజంగానే తగ్గాయి. మందుపాతరలు మాత్రం ఎక్కడివక్కడే.

"ఎవరు కాల్చారో తెలిసీ దాచారు" అంటారు. గుంత చూస్తే గుండు ఏ దిక్కునుంచి వచ్చిందో తెలుస్తుంది, పేల్చినవాడి పేరు కాదు. "మిషన్ చేతులెత్తేసి పారిపోయింది" అన్నది ఇంకో పుకారు. గడువు పెంచాలంటే ఓఎస్‌సీఈలోని 57 దేశాలూ ఒప్పుకోవాలి. రష్యా ఒప్పుకోలేదు, 2022 మార్చి 31తో గడువు అయిపోయింది.