మూడు వేల రిపేరు ఎందుకు వద్దన్నానంటే

సత్యనారాయణపురం,
విజయవాడ

చిరంజీవులు సాహితికి, కార్తీక్‌కి అమ్మమ్మ ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. మొన్న ఫోనులో కార్తీక్ నన్ను నిలదీశాడు. "హాలు ఏసీకి ఎనిమిది వేలు పోసి బాగు చేయించావు. పడకగది ఏసీకి మూడు వేలు చాలని మెకానిక్ అంటే, దాన్నేమో మార్చేస్తానంటున్నావు. ఇదెక్కడి లెక్క అమ్మమ్మా?" అని. అడగవలసిన ప్రశ్నే. ఫోనులో చెబుదామంటే మధ్యలో తాతయ్య అందుకుని స్టెబిలైజర్ల పురాణం మొదలుపెడతారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

రిపేరుకు ఎంతవుతుందన్నది నేను రెండోసారి అడిగే మాట. ముందుగా అడిగేది, చెడింది ఎక్కడ అని. గ్యాసు తిరిగే దారిలోనా, ఆ దారికి బయటా?

ఆ దారి సంగతి కాస్త ఓపికగా వినండి. ఏసీ చల్లదనాన్ని తయారు చేయదు, గదిలోని వేడిని తీసుకెళ్లి బయట వదులుతుంది. లోపలి పెట్టెలో ఉన్న రాగి గొట్టాల్లోకి గ్యాసు ద్రవరూపంలో వచ్చి, పది డిగ్రీలైనా లేని చల్లదనంలోనే మరిగి ఆవిరవుతుంది. మరగడానికి కావలసిన వేడిని గదిలోని గాలి నుంచి లాక్కుంటుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ గట్టిగా నొక్కి బాగా వేడెక్కిస్తుంది. చల్లబరచవలసిన దాన్ని వేడెక్కించడమేమిటని అనుకుంటారేమో. రోహిణి కార్తెలో మన బెజవాడ గాలే 44, 45 డిగ్రీలుంటుంది. గ్యాసు అంతకంటే వేడిగా ఉంటేనే తనలోని వేడిని ఆ గాలికి వదలగలదు. వదిలాక మళ్ళీ ద్రవమై, సన్నటి గొట్టం గుండా ఒత్తిడి తగ్గించుకుని గదిలోకి వస్తుంది. ఏళ్ల తరబడి తిరిగేది ఆ గ్యాసే. అది స్కూటర్లో పెట్రోలులా ఖర్చయిపోదు. కాబట్టి "ఏటా వేసవికి గ్యాసు పట్టించాలండీ" అని ఎవరైనా అంటే, ఏటా ఎక్కడో కారుతోందన్నమాట.

ఇప్పుడు హాలు ఏసీ. అది 2019లో కొన్న ఇన్వర్టర్ ఏసీ, అంటే అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగాన్ని మార్చుకునే రకం. ఒక రాత్రి ఉన్నట్టుండి ఆగిపోయింది. మెకానిక్ అబ్బాయి బయటి పెట్టె మూత విప్పితే, ఎలక్ట్రానిక్ బోర్డు మీద ఒక బల్లి రెండు టెర్మినళ్ల మీదుగా అడ్డంగా పడి ఎండిపోయి ఉంది. దాని చుట్టూ రూపాయి బిళ్లంత మేర నల్లగా మాడింది. బోర్డు మార్చక తప్పలేదు. కానీ గ్యాసు ఒత్తిడి సరిగానే ఉంది, కంప్రెసర్ తీసుకునే కరెంటు సరిగానే ఉంది, కాయిల్, అంటే ఆ రాగి గొట్టాల చుట్ట, శుభ్రంగా ఉంది. అంటే అసలు యంత్రం ఆరోగ్యంగానే ఉంది, దాన్ని నడిపే బోర్డు మాత్రమే పోయింది. ఎనిమిది వేలు కష్టంగానే తోచాయి. అయినా ఆ డబ్బుతో మళ్ళీ కొన్నేళ్లు పనిచేసే యంత్రం దక్కింది. తీగలు లోపలికి వెళ్లే కన్నం చుట్టూ పుట్టీ పెట్టించాను, ఇంకో బల్లి దూరకుండా.

పడకగది ఏసీ జబ్బు వేరు. అది 2012 నాటిది. పోయిన వేసవిలో గ్యాసు పట్టించాం. ఈ మార్చికల్లా మళ్ళీ ఫ్యాను గాలే వచ్చింది. మెకానిక్ గ్యాసు సిలిండరు దించబోతుంటే ఆపి, ముందు ఎక్కడ కారుతోందో చూడమన్నాను. సబ్బు నురగ తెచ్చి బయటి జాయింట్లకు పూశాడు, ఏమీ లేదు. లోపలి పెట్టె విప్పితే కాయిల్ చివర, గొట్టం వంపు తిరిగే చోట జిడ్డుగా ఒక మరక, దాని మీద దుమ్ము పేరుకుని ఉంది. గ్యాసుతోపాటు కంప్రెసర్ నూనె కూడా కొంత తిరుగుతుంది కాబట్టి, కారే చోట ఇలాంటి జిడ్డు చేరుతుంది. అక్కడ నురగ పెట్టగానే ఒక బుడగ లేచింది, పగిలింది, మళ్ళీ లేచింది. కంటికి కనపడనంత సూదిబెజ్జం.

మూడు వేలు ఆ బెజ్జం పూడ్చడానికి కాదు, గ్యాసు నింపడానికి. పూడ్చకుండా నింపితే వచ్చే మార్చికి మళ్ళీ మూడు వేలు. వెల్డింగు పెట్టి పూడ్చవచ్చు కానీ, పద్నాలుగేళ్లు తేమలో నానిన రాగి ఒకచోట చిల్లి పడిందంటే పక్కనే ఇంకోచోట పలచబడి ఉంటుంది. కాయిల్ మొత్తం మారుద్దామంటే ఆ మోడల్‌కు ఇప్పుడు దొరకడమే కష్టం.

పైగా ఆ ఏసీలో ఉన్నది ఆర్-22 గ్యాసు. ఓజోన్ పొరను దెబ్బతీసే రకం. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం మనలాంటి దేశాలు దాన్ని 2030 నాటికి దాదాపుగా మానేయాలి. ఆ తర్వాత పాత యంత్రాల సర్వీసుకు మాత్రం కొద్దిపాటి వెసులుబాటు ఉంది. పోనీ కొత్త గ్యాసు నింపుదామంటే అదీ కుదరదు. ఆర్-410ఎ ఒత్తిడి ఆర్-22 కంటే ఒకటిన్నర రెట్లు దాటుతుంది, దానికి వాడే నూనె కూడా వేరు. ఆర్-32 కూడా ఆ ఒత్తిడిదే, పైగా కొద్దిగా మండే గుణం ఉన్నది. పాత యంత్రంలో వాటిని పోస్తానన్నవాడికి మంచినీళ్లిచ్చి పంపేయండి.

"కొత్తది కొంటే కరెంటు బిల్లులోనే డబ్బు తిరిగొచ్చేస్తుంది" అని దుకాణాల్లో చెబుతారు. నేను కాగితం మీద వేసి చూశాను. పడకగదిలో మా వాడకం ఏడాదికి సుమారు 1,200 గంటలు. కొత్త అయిదు స్టార్ల ఇన్వర్టర్ ఏసీ గంటకు సగటున అర యూనిట్ మిగిల్చినా ఏడాదికి 600 యూనిట్లు. ఏసీ వాడే నెలల్లో మా బిల్లు పై శ్లాబుకు ఎక్కుతుంది కాబట్టి, మిగిలే యూనిట్లన్నీ ఖరీదైనవే. యూనిట్ తొమ్మిది రూపాయలనుకున్నా 5,400. బిగింపుతో కలిపి 40,000 అయ్యే ఏసీ ఖర్చు రాబట్టుకోవడానికి ఏడేళ్లు దాటుతుంది! కాబట్టి చక్కగా చల్లబరిచే ఏసీని కేవలం బిల్లు కోసం తీసేయమని నేనెవరికీ చెప్పను. ఎప్పుడో చుట్టాలొచ్చినప్పుడు వేసే ఏసీ అయితే అసలే చెప్పను. గ్యాసు దారి చెడి, వాడకమూ ఎక్కువగా ఉన్నప్పుడే ఈ పొదుపు మార్చడం వైపు మొగ్గుతుంది.

కొత్తదానికి స్టార్లు ఎన్నని మాత్రమే చూడకండి, ఆ లేబుల్ ఏ కాలానిదో కూడా చూడండి. ఈ స్టార్లను నిర్ణయించే కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వారు ఆ కొలతను కొన్నేళ్లకోసారి బిగిస్తారు. 2012లో అయిదు స్టార్లన్నది ఇప్పటి అయిదుకు దరిదాపుల్లో ఉండదు. లేబుల్ మీద వేసే ఏడాది యూనిట్లు 1,600 గంటల వాడకానికి కట్టిన లెక్క. మీ గంటలు వేరైతే ఆ మేరకు తగ్గించుకోవాలి, లేదా పెంచుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది, అది మనకు కలిసొచ్చింది. పదేళ్ల వారంటీ అని పెద్ద అక్షరాలు కనిపిస్తే అది కంప్రెసర్‌కేనా, కాయిల్‌కూ బోర్డుకూ ఎంతకాలమో చదవండి. మన రెండు ఏసీల్లోనూ కంప్రెసర్ నిక్షేపంలా ఉందని గుర్తుంచుకోండి.

పాతదాన్ని విప్పేటప్పుడు లోపల మిగిలిన కాస్త గ్యాసును గాలిలోకి వదిలేయకుండా బయటి పెట్టెలోకి లాగి వాల్వులు బిగించమన్నాను. పని తెలిసినవాడికి పది నిమిషాల పని. కొందరు గొట్టం కోసి తుస్సుమనిపించి వెళ్లిపోతారు, అది నాకు నచ్చదు.

ఇక సాహితీ, బ్రాడీపేటలో మీరు అద్దెకుంటున్న ఇంటి ఏసీ సంగతి. లోపల గాలి వస్తోంది, చల్లగా లేదు, బయట కంప్రెసర్ కాసేపు మూలిగి టక్కుమని ఆగిపోతోంది అన్నావు. ఎవరో కంప్రెసర్ పోయిందన్నారని కంగారు పడకు. ఇన్వర్టర్ కాని ఏసీల్లో ఇది తరచు కెపాసిటర్ జబ్బు, అంటే కంప్రెసర్ మోటారు కదలడానికి ఊతమిచ్చే చిన్న డబ్బాది. కొన్ని వందల్లో తేలిపోతుంది. దాని మీద దాని సామర్థ్యం 45 మైక్రోఫారడ్ అనో మరొకటో అచ్చువేసి ఉంటుంది. మీటరుతో నీ కళ్లముందే కొలిచి చూపమను. 45 అని ఉన్నది 40 చూపిస్తే, లేదా తల ఉబ్బి కనిపిస్తే, కొత్తది వేయించు. కార్తీక్ ఉత్సాహపడి మూత విప్పకుండా చూసుకో, స్విచ్చి ఆపినా కెపాసిటర్లో కరెంటు నిలవ ఉండి కొడుతుంది. ఆ కొద్ది ఖర్చు మీరే పెట్టుకోండి, రసీదు మాత్రం ఇంటివారికి చూపించండి. అది కూడా మార్చి చూశాక కంప్రెసరే పోయిందని తేలితే, అప్పుడు మార్చాలా వద్దా అన్నది వాళ్లు తేల్చుకోవలసిన విషయం.

మీ
అమ్మమ్మ