గుమ్మడికాయ దీపం మూడో రోజుకే ఎందుకు కూలబడుతుంది: అపోహలు, వాస్తవాలు

సెప్టెంబరు దాటుతోందంటే చాలు, డాలస్‌లో అయినా న్యూజెర్సీలో అయినా మనవాళ్ళ ఇళ్ళ మెట్ల మీదికి నారింజ రంగు గుమ్మడికాయలు వచ్చి కూర్చుంటాయి. అక్టోబరు 31న వచ్చే హాలోవీన్ పండక్కి వాటిని లోపల తొలిచి, ముఖం చెక్కి, దీపం పెడతారు. పిల్లలు బడి నుంచి ముఖం బొమ్మ గీసుకొస్తారు, నాన్న చాకు తీస్తాడు, అమ్మ పాత చీర పరుస్తుంది. మూడో రోజుకి ఆ ముఖం బోసినోటి తాతలా లోపలికి ముడుచుకుపోతుంది. నాలుగో రోజు ఈగలు. తప్పు కాయదే అనుకుని వచ్చే ఏడు ఇంకా ఖరీదైన కాయ కొంటారు.

చెక్కిన గుమ్మడికాయకు శత్రువులు ఇద్దరు. ఒకరు ఎండిపోవడం, రెండోవారు బూజు. ఒకరికి వేసే మందు రెండోవారి మీద పనిచెయ్యదు. కింద చెప్పే అపోహల్లో సగం ఈ తేడా గమనించక పుట్టినవే.

అపోహ: గుమ్మడికాయ ఏదైనా ఒకటే, పెద్దదైతే చాలు.

ఈ పండగ మొదలైన ఐర్లండ్, స్కాట్లండ్‌లలో తొలిచింది టర్నిప్ దుంపల్ని. రాయిలాంటి దుంపని గరిటెతో తొలవడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. వలస వచ్చినవాళ్ళకి అమెరికాలో దొరికిన గుమ్మడికాయ లోపల సగం బోలుగానే ఉంది. దీపానికి పనికొచ్చే గుణం అదే: పెద్ద బోలు, మరీ మందం కాని గోడ, గట్టి తొడిమ. మసాచుసెట్స్ రైతు జాన్ హౌడెన్ పేరు మీద వచ్చిన హౌడెన్ రకం సరిగ్గా ఇలాగే ఉంటుంది. దుకాణంలో ‘పై పంప్‌కిన్’ అని అమ్మే చిన్న కాయ వంటకి తీపిగా, చిక్కగా ఉంటుంది కానీ గోడ మరీ మందం, చెక్కితే చెయ్యి నొప్పి. మనం గుమ్మానికి దిష్టికి కట్టే బూడిద గుమ్మడికాయ కూడా దీపానికి కుదరదు. దాని కండ తెల్లగా, మందంగా, నీళ్ళోడుతూ ఉంటుంది. వెలుగు పడితే మెరవదు.

మొదటిసారి చెక్కేవాళ్ళకి 10 నుంచి 15 పౌండ్ల కాయ సరిపోతుంది. కొనేటప్పుడు మూడు చూడాలి. అడుగు చదునుగా ఉందా, తొడిమ గట్టిగా పచ్చదనం మిగిలి ఉందా, తొక్క మీద గోరు నొక్కితే దిగకుండా ఉందా. తొడిమ పట్టుకుని మాత్రం మొయ్యొద్దు. అది ఊడిందంటే అక్కడ పడ్డ గాయంలోంచే కుళ్ళు మొదలవుతుంది.

అపోహ: మూత పైనే కొయ్యాలి.

చూడ్డానికి అందంగా ఉంటుందనే గానీ, కాయ బతికేది పై భాగం బలం మీదే. తొడిమ చుట్టూ కోసేస్తే పక్కల చారలన్నిటికీ పైన పట్టు పోతుంది. ఎండే కొద్దీ మూత కుంచించుకుపోయి లోపలికి జారిపడుతుంది.

ఎల్‌ఈడీ దీపం పెట్టేవాళ్ళు వెనక వైపునో అడుగునో కొయ్యడం మేలు. వెనక 4, 5 అంగుళాల గుండ్రటి రంధ్రం చేస్తే చెయ్యి పడుతుంది, ముందు నుంచి కనబడదు, తొడిమ చెక్కుచెదరదు. అడుగున కోస్తే ఇంకో వెసులుబాటు: దీపాన్ని నేల మీద పెట్టి కాయని టోపీలా దాని మీద బోర్లించొచ్చు. కాకపోతే కాయలోంచి ఊరే నీరంతా కిందికే దిగుతుంది. అట్టముక్కో పాత పళ్ళెమో వెయ్యకపోతే మెట్ల మీద మరక పడుతుంది.

నిప్పు వెలిగించే కొవ్వొత్తే కావాలంటే మాత్రం మూత పైనే ఉండాలి, వేడి పోవడానికి దారి కావాలి కాబట్టి. అప్పుడు రంపాన్ని నిటారుగా కాకుండా 45 డిగ్రీలు లోపలికి వాల్చి కొయ్యండి. మూత గరాటులా ఒరుసుకుని కూర్చుంటుంది. వెనక వైపు ఒకచోట చిన్న మూల వచ్చేలా కోస్తే మూతని మళ్ళీ ఎలా పెట్టాలో వెతుక్కోనక్కర్లేదు. తర్వాత కొవ్వొత్తి వెలిగించి మూత పెట్టి కొన్ని నిమిషాలు ఆగండి. మూత అడుగున నల్లగా మసిబారిన చోట అంగుళం వెడల్పు రంధ్రం చెయ్యాలి. అదే పొగగొట్టం. అది లేకపోతే మంట ఊపిరాడక ఆరిపోతుంది, లేదా మూత ఉడికి మెత్తబడుతుంది.

అపోహ: పెద్ద కత్తయితే పని త్వరగా అవుతుంది.

చెయ్యి తెగేది ఇక్కడే. నున్నటి అంచున్న వంటకత్తి తొక్కలో ఇరుక్కుంటుంది, బలం పెట్టి లాగుతాం, ఒక్కసారిగా ఊడి వస్తుంది. కావలసింది రంపం పళ్ళున్న సన్నటి బ్లేడు. పండగ సామానులో దొరికే ప్లాస్టిక్ పిడి చిన్న రంపం ముఖానికి చాలు. మూతకి, వెనక రంధ్రానికి గోడలు కోసే డ్రైవాల్ రంపం బాగుంటుంది. గుమ్మడికాయ ఆడవాళ్ళు కొట్టకూడదన్న ఆచారం ఉన్న ఇళ్ళలో మొదటి గాటు మగవాళ్ళు పెట్టి ఇచ్చేస్తారు. మిగిలిందంతా కొట్టడం కాదు, ఓపిగ్గా కొయ్యడం. ఆ పని ఎవరిదైనా కావచ్చు.

అపోహ: గింజలు తీసేస్తే లోపల శుభ్రమైనట్టే.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే అపోహ ఇది. బూజు ముందు పట్టేది గోడకి అంటుకున్న పీచుకి. గింజలు పోయాక ఐస్‌క్రీమ్ గరిటెతోనో అంచు పదునుగా ఉన్న స్టీలు గరిటెతోనో గోడ నున్నగా, పొడిగా తగిలేదాకా గీకాలి. వేలితో రాస్తే నార తగలకూడదు.

తర్వాత ముఖం చెక్కే వైపు మాత్రం ఇంకా గీకి గోడని సుమారు అంగుళం మందానికి తేవాలి. మందం తెలియాలంటే గుండుసూది గుచ్చి చూడండి. అంగుళంన్నర గోడలో కన్ను చెక్కితే వెలుగు సొరంగంలోంచి వచ్చినట్టు, ఎదురుగా నిలబడ్డవాళ్ళకే కనిపిస్తుంది. వీధిలో నడిచేవాళ్ళకి చీకటే. కోసిన ప్రతి రంధ్రానికి లోపలి అంచుని కాస్త వాల్చి చెక్కితే పక్కల నుంచి చూసినా వెలుగు అందుతుంది. అలాగని అంగుళంలో మూడో వంతుకు దింపేస్తే రెండో రోజుకే ముడుచుకుంటుంది. తొక్క మాత్రం పైపైన గీకి కండలోంచి వెలుగు ప్రసరించేలా చేసే నీడ బొమ్మలకైతే అర అంగుళం కావాలి. అవి ఒకటి రెండు రాత్రుల బొమ్మలే అని ముందే ఒప్పుకోవాలి.

బొమ్మ ఎక్కించే పద్ధతి మనకి కొత్తేం కాదు, చుక్కల ముగ్గే. కాగితం మీద గీసిన బొమ్మని కాయకి టేపుతో అంటించి, గీత వెంబడి పావు అంగుళంలో సగం దూరానికో చుక్క చొప్పున పిన్నుతో గుచ్చండి. కాగితం తీసేసి కొంచెం బియ్యప్పిండి రుద్దితే చుక్కలన్నీ తెల్లగా తేలతాయి. కోసేటప్పుడు మధ్యలోని చిన్న ముక్కలు ముందు, నోరు లాంటి పెద్ద ముక్క ఆఖరున. నోరు ముందే తీసేస్తే ఆధారం పోయి, కన్ను కోస్తుంటే మధ్యలో కండ విరుగుతుంది. రెండు రంధ్రాల మధ్య ముప్పావు అంగుళం తక్కువ కాకుండా వదలాలి. సన్నటి కోరపళ్ళు గీసేవాళ్ళు గుర్తుంచుకోవాలి: ముందు ఎండి లోపలికి వంకర తిరిగేవి అవే. విరిగిన పన్నుని టూత్‌పిక్ గుచ్చి నిలబెట్టొచ్చు.

అపోహ: వాజ్‌లీన్ రాస్తే వారం నిలుస్తుంది.

వాజ్‌లీన్ కోసిన అంచుల్లోంచి నీరు ఆరిపోకుండా ఆపుతుంది. అంతే. బూజు విత్తనాలు అప్పటికే ఉంటే వాటికి చెమ్మ దుప్పటి కప్పినట్టు. కాబట్టి వరస ముఖ్యం. ముందు బూజు సంగతి, తర్వాత ఎండడం సంగతి.

ఒక గ్యాలన్ నీళ్ళకి ఒక టేబుల్‌స్పూను సువాసన లేని బ్లీచ్ కలిపి, చెక్కిన కాయని 15, 20 నిమిషాలు ముంచి తీయండి. బకెట్‌లో పట్టకపోతే అదే నీళ్ళు లోపల, అంచుల మీద స్ప్రే చెయ్యొచ్చు. బోర్లించి పూర్తిగా ఆరనివ్వండి. ఆరాకే అంచులకి పలచగా వాజ్‌లీన్. అది రాసిన కాయలో కొవ్వొత్తి వద్దు, వాజ్‌లీన్ మండుతుంది. హెయిర్‌స్ప్రే కొట్టి లోపల మంట పెట్టడమైతే కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. ఇక వెనిగర్, బ్లీచ్ రెండూ మంచివేనట కదా అని కలిపేవాళ్ళున్నారు. కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది. వంటింట్లో ఆ పని ఎప్పుడూ చెయ్యొద్దు.

వడిలిన కాయని కూడా బతికించొచ్చు. బూజు లేకుండా ముడతలు మాత్రమే ఉంటే చల్లటి నీళ్ళలో కొన్ని గంటలు ముంచి ఉంచండి. కండ నీళ్ళు పీల్చి మళ్ళీ బిగుస్తుంది. బూజు పట్టాక ఈ వైద్యం లేదు.

ఎన్ని చేసినా చెక్కిన కాయ ఆయుష్షు సాధారణంగా 3 నుంచి 7 రోజులు. టెక్సాస్‌లాంటి చోట అక్టోబరు చివర్లో కూడా పగలు 80 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే రెండు రోజులే అనుకోండి. కొనడం ఎప్పుడైనా కొనండి. చెక్కని కాయ నీడలో, పొడిచోట నెల పైనే ఉంటుంది. చెక్కడం మాత్రం అక్టోబరు 29నో 30నో.

అపోహ: దీపావళి ప్రమిద ఉండగా వేరే దీపం ఎందుకు?

2024లో దీపావళి, హాలోవీన్ రెండూ అక్టోబరు 31నే వచ్చాయి. పక్కపక్కనే వచ్చే ఏళ్ళు ఇంకా ఉంటాయి కాబట్టి ఈ ఆలోచన ఎవరికైనా వస్తుంది. కానీ ప్రమిద బయట నేల మీద ఉండటం వేరు, కాయ లోపల ఉండటం వేరు. కాయ అడుగు తడిగా, గుండ్రంగా ఉంటుంది. ప్రమిద ఒరిగిందంటే నూనె పారుతుంది, వత్తి దానితోపాటే వెళ్తుంది. టీలైట్ అనే చిన్న కొవ్వొత్తిలో అయితే రేకు గిన్నెలో మైనం గడ్డగా మొదలవుతుంది, వత్తి దాని మధ్యలోనే నిలుస్తుంది. నూనెవత్తి మంట ఎక్కువ తక్కువ అవుతుంది, మూత తగిలేంత ఎత్తు లేవగలదు కూడా. పక్కన ఎండుటాకులు, గడ్డి మోపు, చెక్క వరండా. ఎదురుగా నేల జీరాడే పట్టు పావడాతోనో పాలియెస్టర్ వేషంతోనో పిల్లలు వంగి చూస్తుంటారు.

ప్రమిదలు గడపకి, గుమ్మడికాయకి బ్యాటరీ దీపం. అమెరికాలో అగ్నిమాపక సలహాలు కూడా బ్యాటరీ కొవ్వొత్తినే వాడమంటాయి.

అపోహ: ఎల్‌ఈడీ వెలుగు చప్పగా ఉంటుంది.

చప్పగా ఉండేది తెల్లటి ఎల్‌ఈడీ. గుమ్మడి కండ నారింజ రంగుది, నీలం పాలు ఎక్కువున్న తెల్ల వెలుగుని మింగేస్తుంది. పసుపు తిరిగిన ‘వార్మ్ వైట్’ పెడితే గోడలన్నీ తిరిగి మెరుస్తాయి. బిళ్ళ బ్యాటరీతో నడిచే ఒక్క టీలైట్ 5 పౌండ్ల కాయకి సరిపోతుంది. 12 పౌండ్ల కాయకి మూడు కావాలి. లేదా గాజు సీసాలో 20 బల్బుల తీగ దీపం చుట్టి పెట్టండి, తడి తగలదు, వెలుగు అన్ని వైపులా సమంగా పరుచుకుంటుంది. దీపాన్ని నోటికి దిగువన, కాస్త వెనక్కి పెడితే బల్బు కంట్లో పొడవదు, వెనక గోడ వెలిగి ముఖం మొత్తం కనిపిస్తుంది.

చిన్న పిల్లలున్న ఇంట్లో ఒక్క జాగ్రత్త. బిళ్ళ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోపే గొంతు గొట్టం కాలగలదు. మూతకి స్క్రూ ఉన్న దీపాలే కొనండి. మింగారని అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాలి.

అపోహ: చలి ఎంత ఉంటే అంత మంచిది.

చల్లదనం మంచిదే, గడ్డకట్టడం కాదు. రాత్రి 32 డిగ్రీల ఫారన్‌హీట్ కిందికి దిగితే కండలోని నీరు మంచుగా మారి కణాలు చిట్లుతాయి. తెల్లారి ఎండ పడగానే కాయ మెత్తటి ముద్ద. అలాంటి రాత్రి గ్యారేజీలో పెట్టండి.

అపోహ: ఉడతలు చెక్కిన కాయ జోలికి రావు.

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం కాదది, పట్టపగలే కన్ను కొరుక్కుని కూర్చుంటుంది. కారం కలిపిన నీళ్ళు అంచులకి కొడితే ఉడతకి మండుతుంది, పిట్టలకి మంట తెలియదు. వాన పడితే మళ్ళీ కొట్టాలి.

అపోహ: పండగయ్యాక దప్పళం పెట్టుకోవచ్చు.

కొవ్వొత్తి మసి, బ్లీచ్, మూడు రోజుల బయటి గాలి తగిలిన కాయ తినేది కాదు. తాజాగా గీకిన కండ కూడా పీచుగా, నీళ్ళగా ఉంటుంది, పులుసులో ముక్క నిలవదు. దప్పళానికి ఇండియన్ స్టోర్‌లో కోసి అమ్మే తీపి గుమ్మడి ముక్కే తెచ్చుకోండి. వదలకూడనివి గింజలు. పీచు కడిగి, తుడిచి, రాత్రంతా ఆరబెట్టి, కప్పు గింజలకి ఒక టీస్పూను నూనె, పావు టీస్పూను ఉప్పు, చిటికెడు కారం పట్టించి 300 డిగ్రీల ఫారన్‌హీట్ ఓవెన్‌లో 25 నుంచి 30 నిమిషాలు, మధ్యలో ఒకసారి కలిపి వేయించండి. తడి ఉన్న గింజ కరకరలాడదు, సాగుతుంది.

కాయని నల్ల సంచిలో చుట్టి చెత్తలో వెయ్యకుండా, మైనం, బ్యాటరీలు తీసేసి నాలుగు ముక్కలు చేసి ఎరువు కుప్పలో వేస్తే కొన్ని వారాల్లో కరిగిపోతుంది. గింజలు మాత్రం ఏరెయ్యండి, లేకపోతే వసంతంలో కుప్ప నిండా గుమ్మడి తీగలే.