బోర్డు హైస్కూలు నుంచి జడ్పీ హైస్కూలు దాకా

తెలుగు పల్లెల్లో ఎనభై ఏళ్లు పైబడిన వాళ్లను చదువు గురించి కదిపితే ‘బోర్డు హైస్కూల్లో చదివాం’ అంటారు. వాళ్ల మనవలు అదే ఆవరణలో చదువుతూ దాన్ని ‘జడ్పీ హైస్కూలు’ అంటారు. చిన్న బడి పేరైతే ఇంకా ఎక్కువసార్లు మారింది. ఒకప్పుడు బోర్డు బడి, తర్వాత సమితి బడి, ఇప్పుడు మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. సున్నం కొట్టి మళ్లీ రాసిన ఆ పేర్ల వెనుక నూట నలభై ఏళ్ల స్థానిక పాలన చరిత్ర ఉంది. అందులో ఒక విచిత్రమూ ఉంది. కార్యాలయం ఊరికి దగ్గరైనకొద్దీ, అందులో కూర్చునే ప్రజాప్రతినిధి మాటకు విలువ తగ్గుతూ వచ్చింది.

మొదలు 1882లో ఉంది. స్థానికుల వ్యవహారాలు స్థానికులే చూసుకోవడం నేర్చుకోవాలంటూ అప్పటి వైస్రాయ్ లార్డ్ రిప్పన్ తీర్మానం తెచ్చాడు. దాని వెనకే 1884లో మద్రాసు స్థానిక బోర్డుల చట్టం వచ్చింది. జిల్లాకొక బోర్డు, తాలూకాకొక బోర్డు, పెద్ద ఊళ్లకు యూనియన్. రోడ్లు, ఆసుపత్రులు, బడులు, సత్రాలు వీటి పద్దులోనివి. మొదట్లో జిల్లా బోర్డు అధ్యక్షుడు కలెక్టరే కాబట్టి ఇదంతా దొరతనమే అనుకోవచ్చు. కానీ ఆదాయం మాత్రం బోర్డు సొంతం. భూమిశిస్తు మీద వేసే సెస్సు దాని చేతిలో పడేది. ఆ డబ్బుతో ఎంత దూరం వెళ్లారంటే, మద్రాసు ప్రెసిడెన్సీలోని తంజావూరు జిల్లా బోర్డు మాయవరం నుంచి ముత్తుపేట వరకు రైలుమార్గమే వేయించుకుంది. ఈనాటి జిల్లా పరిషత్ ఒక కల్వర్టుకు నిధుల కోసం ఎదురుచూసే తీరు తెలిసిన వాళ్లకు ఇది కట్టుకథలా వినిపిస్తుంది.

1920లో చట్టం మారింది. అప్పటికి వచ్చిన ద్వంద్వ పాలనలో, అంటే కొన్ని శాఖలు గవర్నరు దగ్గర, కొన్ని భారతీయ మంత్రుల దగ్గర ఉండే పద్ధతిలో, స్థానిక స్వపరిపాలన శాఖను భారతీయ మంత్రికి అప్పగించారు. ఆ శాఖను చూసింది తెలుగువాడైన పానగల్ రాజా రామరాయణింగారు. తాలూకా బోర్డులు 1934లో పోయాయి. నిజాం ఏలుబడిలోని తెలంగాణ కథ వేరు. అక్కడ పాలన తహసీలు చుట్టూ తిరిగేది, ఎన్నికైన బోర్డుల అలవాటు ఆలస్యంగా వచ్చింది. రెండు ప్రాంతాలనూ ఒకే మూసలోకి తెచ్చింది 1959 నాటి పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తుల చట్టం.

ఆ చట్టానికి పునాది 1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ ఇచ్చిన నివేదిక. 1952లో మొదలైన సమాజ వికాస పథకం అధికారుల పథకంగానే మిగిలిపోయిందని, జనం చేతికి పగ్గాలిస్తే తప్ప కదలదని కమిటీ తేల్చింది. రాజస్థాన్ తర్వాత ఊరికి పంచాయతీ, కొన్ని ఊళ్లకు కలిపి సమితి, జిల్లాకు పరిషత్ అనే మూడంచెల వ్యవస్థను చేపట్టిన రెండో రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. నెహ్రూ షాద్‌నగర్‌లో దీన్ని ప్రారంభించారు.

సమితి ప్రెసిడెంటు అంటే ఏమిటో ఆ కాలం చూసిన వాళ్లు చెబితేనే తెలుస్తుంది. సర్పంచులంతా సభ్యులు. బీడీఓ (బ్లాక్ అభివృద్ధి అధికారి), గ్రామసేవకులు, ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులు సమితి కిందే. ఎమ్మెల్యే కంటే సమితి ప్రెసిడెంటు గుమ్మంలోనే జనం ఎక్కువగా ఉండేవారని చెప్పుకుంటారు. అది ఎమ్మెల్యేలకు నచ్చకపోవడంలో ఆశ్చర్యం లేదు. జిల్లా పరిషత్ స్థాయిలో మాత్రం ఒక మెలిక పెట్టారు. ఒక్కో రంగం పనులు చూసే స్థాయీ సంఘాలన్నిటికీ (స్టాండింగ్ కమిటీలకు) అధ్యక్షుడు కలెక్టరే. ఎన్నికైన చైర్మన్ ఒకవైపు, పనులు తేల్చే సంఘాల పగ్గాలు మరోవైపు. పైగా 1970లో సమితి ఎన్నికలు జరిగాక మళ్లీ 1981 దాకా లేవు.

ఎన్టీ రామారావు ప్రభుత్వం 1984 జనవరిలో కరణం, మునసబు వ్యవస్థను రద్దు చేసింది. మరుసటి ఏడాది తాలూకాలను తీసేసి మండలాలు పెట్టింది. ‘మండలం’ అన్న ఆలోచన అంతకు ముందే, 1978లో, అశోక్ మెహతా కమిటీ నివేదికలో ఉంది. తాలూకాలతో పాటు సమితులూ పోయి, మూడు వందలకు పైగా ఉన్న సమితుల స్థానంలో వెయ్యికి పైగా మండలాలు వచ్చాయి. పొద్దున బయలుదేరి పని ముగించుకుని సాయంత్రానికి ఇల్లు చేరగలిగే దూరంలోకి ఆఫీసు వచ్చిందంటే, పహాణీ (భూమి రికార్డు) నకలు కోసం తాలూకా కేంద్రంలో రాత్రి పడుకున్న రైతుకు అది చిన్న మేలు కాదు. 1986 చట్టం ప్రకారం మండలాధ్యక్షుణ్నీ, జిల్లా పరిషత్ చైర్మన్‌నూ జనమే నేరుగా ఎన్నుకోవాలి. 1987లో అలాగే ఎన్నికలు జరిగాయి. జిల్లా మొత్తం ఓటేసి చైర్మన్‌ను ఎన్నుకున్నది ఆ ఒక్కసారే.

ఎందుకు ఒక్కసారే అంటే, కారణం 73వ రాజ్యాంగ సవరణ. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన ఈ సవరణ పంచాయతీలకు రాజ్యాంగ రక్షణ ఇచ్చింది. ఐదేళ్లకోసారి ఎన్నికలు, మహిళలకు కనీసం మూడో వంతు స్థానాలు, రాష్ట్ర ఎన్నికల సంఘం, ఆర్థిక సంఘం, ఇరవై తొమ్మిది అంశాల జాబితా అన్నీ దాని చలవే. అయితే మధ్య (మన దగ్గర మండల), జిల్లా స్థాయి అధ్యక్షుణ్ని ఎన్నికైన సభ్యులే తమలోంచి ఎన్నుకోవాలని 243సి అధికరణం కట్టడి చేసింది. దాంతో 1994 నాటి రాష్ట్ర చట్టం పరోక్ష పద్ధతికి మళ్లింది. ఎన్నికల మర్నాడే సభ్యులను బస్సుల్లో ఎక్కించుకుపోయే క్యాంపు రాజకీయం ఈ తలుపులోంచే వచ్చింది.

సభ్యుల పేర్లూ అప్పటివే. ఎంపీటీసీ, జడ్పీటీసీ అంటే నిజానికి మండల పరిషత్, జిల్లా పరిషత్ ప్రాదేశిక నియోజకవర్గాలు. ‘జడ్పీటీసీ గారు వచ్చారు’ అంటే అక్షరాలా నియోజకవర్గమే నడిచి వచ్చిందన్నమాట. ఎవరూ పట్టించుకోరు, అంతగా అలవాటైపోయింది.

జిల్లా పరిషత్‌లో ఏడు స్థాయీ సంఘాలు: ప్రణాళిక-ఆర్థికం, గ్రామీణాభివృద్ధి, వ్యవసాయం, విద్య-వైద్యం, మహిళా సంక్షేమం, సాంఘిక సంక్షేమం, పనులు. కాగితం మీద చూస్తే పల్లె బతుకులో ఏదీ వదల్లేదు. సర్వసభ్య సమావేశానికి వెళ్లి చూడండి. వేదిక మీద మంత్రి, ఎంపీ, ఎమ్మెల్యేలు. ముందు వరుసల్లో శాఖల అధికారులు ఫైళ్లతో. ఒక జడ్పీటీసీ లేచి తన మండలంలో పైపులైను పగిలి నెలలవుతోందని అంటారు. సంబంధిత ఇంజినీరు ‘అంచనాలు పంపామండి, మంజూరు రావాలి’ అంటారు. మంజూరు ఇవ్వాల్సింది ఆ సభ కాదు, రాజధానిలో ఆయన శాఖ. అధ్యక్షులు ‘త్వరగా చూడండి’ అంటారు, అజెండాలో తర్వాతి అంశం మొదలవుతుంది. జడ్పీ హైస్కూలు ఉపాధ్యాయుడి జీతం సంగతీ అంతే. అది రాష్ట్ర ప్రభుత్వం ఇస్తుంది, పరిషత్‌కు మిగిలింది పేరు.

డబ్బు దారి కూడా మధ్యలో తెగింది. కేంద్ర స్థాయిలోని 14వ ఆర్థిక సంఘం 2015 నుంచి ఐదేళ్లపాటు గ్రాంట్లను గ్రామ పంచాయతీలకే ఇచ్చి, మండల, జిల్లా పరిషత్తులను పక్కన పెట్టింది. కుర్చీలు, కార్లు ఉన్నాయి గానీ పని చేయించడానికి నిధుల్లేక సభ్యులు వాపోయిన రోజులవి. 15వ ఆర్థిక సంఘం మళ్లీ మూడంచెలకూ వాటా ఇచ్చింది, పెద్ద వాటా మాత్రం గ్రామానిదే. ఎన్నికల క్రమం రాజ్యాంగం చెప్పినంత కచ్చితంగా సాగలేదు. 2011లో గడువు తీరిన పరిషత్తులకు 2014లో గానీ ఎన్నికలు జరగలేదు. ఆ మధ్యకాలమంతా ప్రత్యేకాధికారులదే.

రాష్ట్రం విడిపోయాక దారులు కూడా విడిపోయాయి. తెలంగాణ కొత్త జిల్లాలు ఏర్పరచి, 2018 చట్టం కింద 2019లో హైదరాబాద్ తప్ప ప్రతి జిల్లాకూ ఒక పరిషత్ ఇచ్చింది. ములుగు లాంటి చోట జడ్పీటీసీలను రెండు చేతుల వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆంధ్రప్రదేశ్ 2022 ఏప్రిల్ 4న పదమూడు జిల్లాలను ఇరవై ఆరు చేసింది కానీ, పరిషత్తులను విడగొట్టకుండా పాత పదమూడునే ఉంచింది. నర్సీపట్నం పక్క పల్లెలో హైస్కూలు గోడ మీద పెయింటరు ‘విశాఖపట్నం’ కొట్టేసి ‘అనకాపల్లి జిల్లా’ అని రాయాల్సి వచ్చింది. పైవరుసలో ‘జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల’ అన్న అక్షరాలు అలాగే ఉన్నాయి. ఆ రోజుకు అనకాపల్లికి జిల్లా పరిషత్ లేదు.