పలుపు, చిక్కం, గుదిబండ

పిల్లలూ,

మొన్న మన చిన్నది తన ఇంగ్లీషు నోట్‌బుక్ ఫొటో తీసి నాకు పంపింది. ‘మై మదర్ సప్రెస్డ్ మై మొబైల్’ అని రాసింది. టీచరు ఎర్ర సిరాతో సున్నా చుట్టారు కానీ ఎందుకు తప్పో రాయలేదు. ‘డిక్షనరీలో సప్రెస్ అంటే అణచు, ఆపు అనే ఉంది కదా తాతయ్యా’ అని దాని గొడవ. ఉంది తల్లీ. ఆ డిక్షనరీ సప్రెస్, రిస్ట్రెయిన్, కర్బ్, క్వెల్ అన్నిటి ఎదురుగా ‘అణచు, అదుపు చేయు’ అని ఒకే ముద్ర గుద్దేసి ఊరుకుంది. బడిలో ఉన్నన్నాళ్ళూ నేనూ అలాగే చెప్పాను, ఒప్పుకుంటున్నాను. రిటైరయ్యాక గేదెను మేపుకుంటుంటే తెలిసొచ్చింది, ఈ మాటల్లో చాలావాటి అర్థం పశువుల పాకలోనే దొరుకుతుందని.

ముందు పలుపు సంగతి చూడండి. గేదెను మేకుకి కట్టి వదిలితే పలుపు ఎంత పొడుగుంటే అంత మేర గుండ్రంగా మేస్తుంది. ఆ మేర గీయడం రిస్ట్రిక్ట్. పక్క చేలో పిల్లిపెసర కనిపించి అది ముందుకు లాగుతుంది, పలుపు బిగుసుకుని వెనక్కి పట్టేస్తుంది. అది రిస్ట్రెయిన్. రెండూ ఒకే లాటిన్ మాటకి పుట్టిన బిడ్డలు. ‘వెనక్కి బిగించి కట్టడం’ అని ఆ మాటకు అర్థం. ఒకటి నేరుగా వచ్చింది, రెండోది ఫ్రెంచి వాళ్ళ ఇంటి మీదుగా వచ్చింది.

కాబట్టి రిస్ట్రిక్ట్ వాడితే ఎక్కడో ఒక హద్దు కనబడాలి. రోజుకు గంట, మనిషికి రెండు బస్తాలు, గంటకు 40 కిలోమీటర్లు, అలాగ. దాళ్వాకి, అంటే రెండో పంటకి, నీళ్ళు చాలనప్పుడు కాలువలకు వంతులవారీగా వదులుతారు కదా, అదీ రిస్ట్రిక్షనే. రిస్ట్రెయిన్‌కి హద్దు అక్కర్లేదు, అవతల లాగే బలం ఉండాలి. పెళ్ళిలో కొట్టుకోబోయిన బావాబావమరుదుల్ని నలుగురు వెనకనుంచి పట్టుకున్నారనుకోండి, రిస్ట్రెయిన్ చేశారంటాం. అరుగు మీద ఊరికే కూర్చున్న మనిషిని రిస్ట్రెయిన్ చేయడం కుదరదు.

గోదావరి ఒడ్డున పుట్టి నీళ్ళ మాటలు వదిలేస్తే ఎలా? ధవళేశ్వరం దగ్గర గోదావరిని ఆపేశారు అని చాలామంది అంటారు. 1847లో కాటన్ దొర మొదలుపెట్టి 1852కి పూర్తి చేసిన ఆనకట్ట గోదావరిని ఆపలేదు. నీటి మట్టం కాస్త ఎత్తి కాలువలకు మళ్ళించింది. మిగిలిన నీరు దాని మీదుగా దొర్లి సముద్రానికి పోయేది. ఇప్పుడున్న బ్యారేజీకి 175 గేట్లు. వరదల్లో అక్కడ మట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అంత వరదలో గేట్లన్నీ పైకెత్తేసి, నీళ్ళని వచ్చినవి వచ్చినట్టు సముద్రానికి వదిలేయడమే. గోదావరిని సప్రెస్ చేశాం అని ఎవరైనా రాస్తే నేనూ ఎర్ర సిరా తీస్తాను. రెగ్యులేట్ చేస్తున్నాం అనాలి, అదీ గోదారమ్మ ఒప్పుకున్నంత మేరకే.

అన్నట్టు, ఆనకట్ట కూడా ‘ఆనికట్’ అయి ఇంగ్లీషు డిక్షనరీలో కూర్చుంది. తమిళం అణైకట్టు నుంచి వచ్చిందని అక్కడ రాసి ఉంటుంది. మన మాటకి అది తోబుట్టువే, పేచీ పెట్టక్కర్లేదు.

గట్టుకి గండి పడితే ఇసుక బస్తాలు వేసి ప్రవాహాన్ని నిలబెడతారు. అది స్టెమ్. మొక్క కాండాన్నీ స్టెమ్ అనే అంటారు గానీ ఆ రెంటికీ సంబంధం కలపకండి. ఇది ఉత్తరాన స్కాండినేవియా నుంచి వచ్చిన మాట, అర్థమే అడ్డుకట్ట వేయడం. పేపర్లో ‘అవినీతికి అడ్డుకట్ట’ అని హెడ్డింగు చూస్తే స్టెమ్ అనుకోండి. ‘ధరలకు కళ్లెం’ అంటే కర్బ్. గుర్రం దవడ కిందనుంచి కళ్లేనికి కలిపే గొలుసో పట్టీయో ఉంటుంది, దాని పేరే కర్బ్. అందుకే కర్బ్ చేస్తే గుర్రం ఆగిపోదు, నడుస్తూనే దారికొస్తుంది. ఖర్చుల్ని కర్బ్ చేశాం అంటే ఖర్చు పెడుతూనే ఉన్నాం, తగ్గించి పెడుతున్నాం. ఇక ‘ప్రత్యర్థికి చెక్’ అన్నది చదరంగం బల్ల మీదనుంచి వచ్చింది. అసలు పర్షియన్లో షా, అంటే రాజు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైనది గుదిబండ. మీరు చూసి ఉండరు. కంచెలు దూకి చేలో పడే దొంగగొడ్డుకి మెడలో ఒక దుంగ వేలాడదీసేవాళ్ళు. నడిస్తే ఏమీ కాదు, పరిగెత్తితే ముందుకాళ్ళకి ఠకఠకా కొట్టుకుంటుంది. ఇంగ్లీషు పల్లెల్లోనూ ఇదే చేశారు. వాళ్ళు ఆ దుంగని క్లాగ్ అన్నారు. తర్వాత్తర్వాత ఆ మాట ఏది అడ్డం పడినా వాడుకైంది. మన పంట కాలువలో గుర్రపుడెక్క పేరుకుని నీరు కదలకపోతే కాలువ క్లాగ్ అయిందంటాం. దీనికి బంధువు ఇంపీడ్. అందులో దాక్కున్న ‘పెడ్’ లాటిన్‌లో కాలు. కాళ్ళకి బంధం వేయడం ఇంపీడ్, ఆ బంధం విప్పేస్తే ఎక్స్‌పెడైట్. ఆఫీసుల్లో ఫైలు మీద ‘ఎక్స్‌పెడైట్’ అని రాస్తారు చూడండి, ఫైలు కాళ్ళు విప్పమనే. విప్పుతారో లేదో మీ నాన్నని అడగండి.

కాళ్ళ తర్వాత నోరు. ఎడ్లు పనిలో ఉండి పంట మీద నోరు పెట్టకుండా మూతికి తాడుతో అల్లిన చిక్కం కట్టేవాళ్ళు. అది మజిల్. తెలుగులో రాస్తే కండకీ దీనికీ ఒకటే స్పెల్లింగు వస్తోంది, ఏం చేయను! గ్యాగ్ ఇంకా మొరటుది, నోట్లో గుడ్డ కుక్కడం. 1878లో వైస్రాయి లిట్టన్ దేశభాషల పత్రికల మీద ఒక చట్టం తెచ్చాడు. ఇంగ్లీషు పత్రికల జోలికి పోలేదు, మన భాషల్లో రాసేవాళ్ళకే. జనం దానికి గ్యాగింగ్ యాక్ట్ అని పేరు పెట్టారు. సరిగ్గా అతికింది కదూ.

బ్యాన్ మాత్రం వేరే దారి. అది మొదట్లో ‘చాటింపు’ అనే అర్థంలో ఉండేది, మన దండోరా లాగ. ఫలానాది చేయకూడదు అని నలుగురి ముందూ చెప్పాలి. లోపల్లోపల ఆపేస్తే అది బ్యాన్ కాదు.

మన్యం పితూరీ, అంటే మన్యంలో జరిగిన తిరుగుబాటు, గురించి చదివారు కదా. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయాడు. 1924 మే నెలలో ఆయన్ని చంపేశారు. ఇంగ్లీషు పుస్తకాల్లో ఇలాంటి చోట ఒకరు సప్రెస్డ్ అంటారు, ఇంకొకరు క్వెల్డ్ అంటారు. క్వెల్ పాత ఇంగ్లీషులో అచ్చంగా ‘చంపు’. సప్రెస్‌లో ‘సబ్’ అంటే కింద, ‘ప్రెస్’ అంటే నొక్కు. పైకి లేస్తున్నదాన్ని కిందకి నొక్కిపెట్టడం. కింద అది ఉంటూనే ఉంటుంది. తిరుగుబాటూ, దగ్గూ, నవ్వూ, సాక్ష్యం, నిజం, ఇవీ సప్రెస్ చేసేవి. కోపం వచ్చినా చుట్టాల ముందు బాగుండదని దిగమింగితే సప్రెస్. మనసే మనకి తెలియకుండా ఒక పాత భయాన్ని అడుక్కి తోసేస్తే రిప్రెస్ అంటారు మనస్తత్వం చదివినవాళ్ళు. స్టైఫిల్ అంటే ఊపిరాడకుండా చేయడం, దాని గురించి ఏం చెప్పను, మే నెల ఉక్కపోతలో కరెంటు పోయినప్పుడు మీకే తెలుస్తుంది.

ఇక ఆ ఎర్ర సున్నా. అమ్మ ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేస్తే కన్‌ఫిస్కేట్. రోజుకి అరగంటే అంటే రిస్ట్రిక్ట్, అదీ ఫోన్‌ని కాదు, ఫోన్ వాడకాన్ని. రాత్రి దుప్పట్లో దూరి ఎంతసేపు వీడియోలు చూశావో అమ్మకి చెప్పకుండా దాచావు చూడు, సప్రెస్ అక్కడ వాడు.

మీ తాతయ్య