ఉన్నట్టు తెలుసు, ఎవరో తెలియదు

పొద్దుగూకే వేళ చేలగట్టు మీద దూరంగా ఏదో కదులుతుంది. మొదట అది ఒట్టి ఆకారం. కాసేపటికి పశువు కాదు, మనిషేనని తేలుతుంది. ఇంకా దగ్గరపడ్డాక నడక తీరు చూసి ఫలానా వాళ్ల అబ్బాయి అని పోల్చుకుంటాం. ఊళ్లో అయితే ఈ మూడు మెట్ల మధ్య పొరపాటు పడినా నవ్వుకుని ఊరుకుంటాం. కొండవాలున దాక్కున్న నిఘా వాహనంలో, వేడిని బొమ్మగా చూపే థర్మల్ కెమెరా తెర ముందు కూర్చున్న సైనికుడికి ఆ వెసులుబాటు లేదు.

ఈ మెట్లకు లెక్క కట్టినవాడు జాన్ జాన్సన్. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, ఫోర్ట్ బెల్వార్‌లోని సైనిక ప్రయోగశాలలో పనిచేసేవాడు. వాహనాల నమూనాలను చీకట్లో చూసే పరికరాల్లోంచి మనుషులకు చూపించి, ఎవరు ఎంతవరకు పోల్చుకోగలిగారో రాసుకున్నాడు. 1958లో తేల్చింది ఇది: లక్ష్యం ఎత్తు వెడల్పుల్లో ఏది తక్కువైతే దాని మీద నలుపు తెలుపు గీతలు గీశామనుకుంటే, ఒక్క జత విడిగా కనిపించేంత స్పష్టత ఉంటే 'అక్కడేదో ఉంది' అనగలం. నాలుగు జతలు కనిపిస్తే అది ట్యాంకా, లారీయా అన్నది తెలుస్తుంది. ఏ ట్యాంకో చెప్పాలంటే 6.4 జతలు కావాలి. అదీ సగం సార్లు మాత్రమే సరిగ్గా చెప్పగలిగే స్థాయి.

దూరం ఎన్ని రెట్లు తగ్గితే కనిపించే జతలు అన్ని రెట్లు పెరుగుతాయి. కాబట్టి 10 కిలోమీటర్ల దూరాన ట్యాంకును కనిపెట్టే కెమెరా, అది ఏ ట్యాంకో చెప్పేది సుమారు 1.6 కిలోమీటర్ల దగ్గరికి వచ్చాకే. గాలిలో దుమ్మూ తేమా కలిస్తే ఇంకా తక్కువ. అందుకే ఇలాంటి పరికరాల గురించి ఎక్కడైనా ఘనమైన దూరం చదివితే, అది ఏ మెట్టు దూరమో నేను ముందు వెతుక్కుంటాను. చాలాసార్లు మొదటి మెట్టుదే.

ఈ తేడా ఎంత ఖరీదైనదో 1991 గల్ఫ్ యుద్ధం చూపించింది. ఫిబ్రవరి 26న ఇరాక్ ఎడారిలో జరిగిన పోరుకు '73 ఈస్టింగ్' అని పేరు. అది ఊరి పేరు కాదు, మ్యాపు మీది నిలువు గీత పేరు. పేరు పెట్టడానికి అక్కడ ఊరే లేదు. ఇసుక రేగి కళ్లకు ఏమీ ఆనని ఆ రోజున అమెరికన్ ట్యాంకులకు థర్మల్ తెర మీద ఇరాకీ ట్యాంకులు కనిపిస్తూనే ఉన్నాయి. ఇరాకీల టీ-72 ట్యాంకులకు అలాంటి కన్ను లేదు. పోరు ఏకపక్షంగా ముగిసింది. అదే యుద్ధంలో పోరాడుతూ మరణించిన 148 మంది అమెరికన్ సైనికుల్లో 35 మంది తమవాళ్ల చేతుల్లోనే చనిపోయారు. అన్నిటికీ థర్మల్ తెరలే కారణం కాదు. కానీ దూరాన కనిపించిన వేడి మరక ఎవరిదో తేలకముందే పేల్చిన సందర్భాలు వాటిలో ఉన్నాయి.

మరి ఇంకా స్పష్టమైన కెమెరా చేసుకోవచ్చు కదా? అక్కడే భౌతికశాస్త్రం అడ్డం పడుతుంది.

ప్రతి వస్తువూ తన వేడికి తగిన పరారుణ కిరణాలను వెదజల్లుతుంది. మన ఒంటి నుంచి వెలువడేవాటిలో ఎక్కువ భాగం 10 మైక్రాన్ల తరంగదైర్ఘ్యానికి అటూ ఇటూ ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). బాగా వేడెక్కిన వాహనపు పొగగొట్టం లాంటివైతే 4 మైక్రాన్ల దగ్గర ప్రకాశిస్తాయి. దారిలో గాలిలోని నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ చాలా కిరణాలను మింగేస్తాయి. పెద్దగా నష్టపోకుండా దాటి వచ్చేవి 3 నుంచి 5, 8 నుంచి 12 మైక్రాన్ల మధ్యవి. దూరపు థర్మల్ కెమెరాలు చూసేది ఈ రెండు కిటికీల్లోంచే. మామూలు గాజు వీటికి గోడతో సమానం. కటకాలు జెర్మేనియంతో చేయాలి. చూడడానికి అది ఉక్కు బిళ్లలా ఉంటుంది, దానిలోంచి మన కంటికి ఏమీ కనిపించదు.

తరంగం పొడవైనకొద్దీ బొమ్మ మసకబారుతుంది. 15 సెంటీమీటర్ల కటకంతో 10 మైక్రాన్ల దగ్గర చూస్తే, 10 కిలోమీటర్ల అవతల 80 సెంటీమీటర్ల లోపు ఎడం ఉన్న రెండు చుక్కలు ఒకటిగా కలిసిపోతాయి. ట్యాంకు ఎత్తు రెండు మీటర్ల పైచిలుకు. అంటే ఎత్తు మొత్తం మీద మూడు చుక్కలు కూడా పట్టవు. 4 మైక్రాన్ల కిటికీకి మారితే ఆ ఎడం 33 సెంటీమీటర్లకు తగ్గుతుంది. తేమ గాలిలోనూ ఈ పొట్టి తరంగాలే మేలు. పొగలోంచి, దుమ్ములోంచి చూడాలంటే మాత్రం పొడవువాటిదే పైచేయి. ఎడారికి ఒకటి, సముద్రతీరానికి ఒకటి అన్నమాట. మన సైన్యానికి రాత్రిపూట చూసే పరికరాలు తయారుచేసే భారత్ ఎలక్ట్రానిక్స్ కర్మాగారం తేమకు పెట్టింది పేరైన మచిలీపట్నంలోనే ఉంది. అది 1926లో ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీగా పుట్టి, 1983లో ఆ సంస్థలో కలిసింది.

కటకం వెనక ఉండి కిరణాలను పసిగట్టే డిటెక్టర్‌కు ఇంకో చిక్కు ఉంది. అదీ ఒక వస్తువే, దానికీ వేడి ఉంది. గది వేడిలో ఉంచితే దాని సొంత గోలలో దూరపు సంకేతం మునిగిపోతుంది. పెళ్లి మేళం పక్కన కూర్చుని గుసగుసలు వినబోయినట్టు ఉంటుంది. అందుకని పాదరసం, కాడ్మియం, టెల్లూరియం కలిపి చేసిన ఆ పలుచని బిళ్లను సుమారు మైనస్ 196 డిగ్రీలకు, అంటే ద్రవ నైట్రోజన్ మరిగే చోటికి చల్లబరుస్తారు. ఈ పదార్థాన్ని కనిపెట్టింది 1959లో, ఇంగ్లండ్‌లోని మాల్వెర్న్‌లో. చల్లబరిచేది హీలియం నింపిన చిన్న స్టిర్లింగ్ యంత్రం. స్కాట్లండ్‌లో చర్చి బోధకుడైన రాబర్ట్ స్టిర్లింగ్ 1816లో పేటెంటు తీసుకున్న ఇంజనుకు ఇది తిరగేసిన రూపం. ఆయన వేడితో యంత్రాన్ని నడపబోయాడు, ఇక్కడ యంత్రాన్ని నడిపి వేడిని తోడేస్తున్నారు.

ఇంత చేసిన కెమెరాను వాహనం మీద ఎక్కడ పెట్టాలన్నది ఇంకో విద్య. నిఘా బండి పని పోరాడడం కాదు, కనబడకుండా చూడడం. చదునైన నేల మీద రెండు మీటర్ల ఎత్తునుంచి చూస్తే దిక్చక్రం 5 కిలోమీటర్లలో ముగుస్తుంది. పది మీటర్ల ఎత్తుకెక్కితే 11 కిలోమీటర్లు. కెనడా సైన్యం కొయోటీ వాహనానికి సరిగ్గా పది మీటర్ల దాకా సాగే స్తంభం పెట్టుకుంది. జర్మనీ, నెదర్లాండ్స్ కలిసి చేయించుకున్న ఫెనెక్ కూడా ఇదే దారి పట్టింది. బండి గట్టు చాటున ఉంటుంది, కన్ను మాత్రం పైకి లేస్తుంది.

చూసినది మ్యాపు మీద సరిగ్గా ఎక్కడుందో చెప్పడం మరో పేచీ. లేజర్ దూరాన్ని మీటర్లలో చెప్పేస్తుంది. దిక్కు ఒక్క డిగ్రీ తప్పితే 10 కిలోమీటర్ల దగ్గర 175 మీటర్లు పక్కకు పోతాం. ఉక్కు బండి పక్కన అయస్కాంత దిక్సూచిని నమ్మలేం. అమెరికా నిఘా దళాలు వాడే ఎల్‌ఆర్‌ఏఎస్3 పరికరంలో ఇందుకు ఒక ఉపాయం ఉంది. జీపీఎస్ సంకేతం ఎడంగా పెట్టిన యాంటెన్నాలకు చేరడంలో వచ్చే అతి సూక్ష్మమైన తేడా నుంచి అది దిక్కును లెక్కగడుతుంది.

ఇవన్నీ ఉన్నా 'మనవాళ్లేనా' అన్న ప్రశ్నకు కెమెరా దగ్గర నికరమైన జవాబు లేదు. అందుకే గల్ఫ్ యుద్ధం తర్వాత అమెరికన్లు జవాబును బండికే తగిలించారు. వేడిని చాలా తక్కువగా వెదజల్లే పూతతో పలకలు చేసి వాహనాల పక్కలకు బిగించారు. అవి పైనున్న చల్లని ఆకాశాన్ని ప్రతిఫలిస్తాయి. తెర మీద తెల్లగా వెలిగే బండికి నల్లటి చదరపు మచ్చ పెట్టినట్టు కనిపిస్తాయి. 2003లో ఇరాక్‌కు వెళ్లిన వాహనాలకు ఇవి ఉన్నాయి. దట్టంగా మట్టి పడితే మాత్రం పలక కూడా బండిలాగే వెచ్చగా కనిపించడం మొదలుపెడుతుంది. అప్పుడు ఎవరో ఒకరు కిందికి దిగి గుడ్డతో తుడవాల్సిందే.