పాకం నీళ్లలో పడ్డ క్షణం

ఇచ్ఛాపురం, పర్లాకిమిడి వైపు వాటర్ ప్లాంట్ల దగ్గర ఒక ప్రశ్న తరచూ వినిపిస్తుంది. “సబ్బులాంటిది కలిపితే మెంబ్రేన్ ఎక్కువ నీళ్లు వదులుతుందట, ట్యాంకులో కాస్త సర్ఫ్ వేస్తే సరిపోదా?” వద్దండీ. అది కలపాల్సింది మెంబ్రేన్, అంటే నీటిని వడకట్టే పొర, పుట్టకముందు, దాన్ని తయారుచేసే పాలిమర్ ద్రావణంలో. తయారైన ఆర్వో పొరకి బట్టలు మెత్తబడటానికి వాడే రకం సర్ఫాక్టెంట్ (సబ్బులాంటి పదార్థం) తగిలితే, అది గట్టిగా అంటుకుపోయి, ఉన్న ధార కూడా పడిపోతుంది.

ఆర్వో మెంబ్రేన్‌లో ఉప్పును ఆపేది పైనున్న పలచని పాలిఅమైడ్ పొర. దాన్ని మోసే పాలిసల్ఫోన్ అనే ప్లాస్టిక్ పొర మందం సుమారు 40–50 మైక్రాన్లు. నీటికి దారి ఎంత సులువో అన్నదానిపై దాని అల్లిక ప్రభావమూ ఉంటుంది.

అరిసెల పాకం ముదిరిందో లేదో చూడటానికి చుక్క తీసి నీళ్లలో వేస్తాం కదా, ఉండ కడుతుంది. పాలిసల్ఫోన్ ద్రావణం కూడా నీళ్లలో పడగానే గట్టిపడుతుంది. అయితే పాకం చల్లబడి గట్టిపడితే, ఇక్కడ ఎన్‌ఎంపీ అనే ద్రావణి బయటికి పోతూ నీరు లోపలికి వస్తుంది. పాలిమర్‌కి నీళ్లు పడవు. చిక్కగా చేరిన చోట గోడ, పలచబడిన చోట రంధ్రం. మొదట గట్టిపడేది పైచర్మం, దాని వెనక మార్పిడి మందగిస్తుంది. ట్వీన్-80 అనే సర్ఫాక్టెంట్ పని ఇక్కడే. ఆ అణువు తల నీటిని కోరుతుంది, తోక నూనెగుణం గలది. అది ద్రావణం, నీరు కలిసే సరిహద్దులో చేరి తలతన్యత తగ్గిస్తే నీరు త్వరగా చొరబడుతుంది, వేళ్లలాంటి పొడుగాటి ఖాళీలు ఏర్పడతాయి. మోతాదు పెరిగితే ద్రావణం చిక్కబడి మార్పిడి నెమ్మదిస్తుంది, లేదా ఖాళీలు మరీ పెద్దవై ఒత్తిడికి పొర నలిగిపోతుంది. శాస్త్రవేత్తలు లోబ్, సౌరిరాజన్ 1960 ప్రాంతంలో చేసిన సెల్యులోజ్ ఎసిటేట్ ఆర్వో పొరకీ ద్రావణంలో ఒక పదార్థం కలిపేవారు, మెగ్నీషియం పెర్‌క్లోరేట్.

చేసి చూడాలంటే: ఎండబెట్టిన పాలిసల్ఫోన్ 17 గ్రాములు, ఎన్‌ఎంపీ 81, ట్వీన్-80 2 గ్రాములు. 60 డిగ్రీల దగ్గర పూర్తిగా కరిగేదాకా కలిపి, బుడగలు పోవడానికి ఒక రాత్రి కదపకుండా వదిలేయాలి. బుడగ మిగిలితే అక్కడ సూదిరంధ్రమే. గాజుపలక మీద 150–200 మైక్రాన్ల మందంతో లాగి, వెంటనే 25 డిగ్రీల నీళ్లలో ముంచాలి. గాజులా ఉన్న పొర కొన్ని సెకన్లలోనే పాలలా తెల్లబడుతుంది. మన తీరంలో గాలి తేమ ఎక్కువ. ముంచకముందే పొర మసకబారిందంటే అది గాలిలోని నీటిని తాగేసింది, ఆ పలక పక్కన పెట్టేయండి. ఎన్‌ఎంపీ గర్భస్థ శిశువుకి హానికరం, చేతితొడుగులు, గాలి బయటికి లాగే ఏర్పాటు తప్పనిసరి.

పరీక్షకు ముందు పొరను అరగంట ఒత్తిడిలో ఉంచి కుదురుకోనివ్వాలి. 14.5 చదరపు సెంటీమీటర్ల ముక్కనుంచి 10 నిమిషాల్లో 24 మిల్లీలీటర్లు వస్తే, అది చదరపు మీటరుకి గంటకి సుమారు 99 లీటర్లు. సర్ఫాక్టెంట్ లేని పొరనూ అదే ఒత్తిడిలో కొలవండి. అంతకుముందు పొరను కడిగి, ఆ నీటిని సీసాలో ఊపి చూడండి. నురగ నిలుస్తున్నంతకాలం లోపల ట్వీన్ మిగిలి ఉన్నట్టే, అంకెలు గంటగంటకీ మారుతుంటాయి.